ఎండిన చెట్టుకు రూలు లేదు

డ్రిల్లింగ్ మిషనును స్వర్ణ అరుగు మీద, ఇంట్లో వాళ్లందరూ దాటి వెళ్లాల్సిన చోట పెట్టింది. తెల్లారినప్పటినుంచి అది అక్కడే ఉంది. ఆమె మొగుడు రవిబాబు రెండుసార్లు దాన్ని దాటుకుని పెరట్లోకి వెళ్లాడు. రెండుసార్లు దాటుకుని లోపలికి వచ్చాడు. ఒక్కసారీ కిందికి చూడలేదు.

నిన్న సాయంత్రం చోళ్ల బస్తా దించబోతే అటక మీద దొరికిందది, గోనెసంచిలో చుట్టి, పాత గొడుగుల వెనక. బ్యాటరీతో నడిచే మిషను. టూరిస్టులకు గది కడితే బోర్డులు బిగించాలని ఏడాది కిందట రవే విశాఖపట్నం నుంచి తెచ్చుకున్నాడు. దాని బిట్టు మరల్లో పసుపుపచ్చటి పొట్టు ఇరుక్కుని ఉంది. పొట్టు మీద బంక గట్టిపడి ఉంది. అంత పచ్చటి చేవ ఈ కొండల్లో పనసకే ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే బంక వాసన కన్నా ముందు గడ్డిమందు వాసన కొట్టింది.

వాగు గట్టున స్వర్ణ అత్త సోములమ్మ భూమిలో తొమ్మిది పనసలు మూడు వారాలుగా నిలువునా ఎండిపోతున్నాయి. పిందెలు కట్టే రోజుల్లో ఆకు రాల్చేశాయి. వాటి మీదికి పాకిన మిరియాల తీగలు నల్లబడి తాళ్లలా వేలాడుతున్నాయి. నీడ పోయి కింద కాఫీ మొక్కలు ఎండకు కమిలిపోయాయి. ఊరంతా తెగులన్నారు. సర్పంచి హోదాలో స్వర్ణ కూడా తెగులనే అనుకుని వ్యవసాయ ఆఫీసుకి కాగితం రాసింది. ఆ కాగితం తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు తన చేతి మీదే అసహ్యం వేస్తోంది.

స్వర్ణ అడిగితే రవి మొదట అబద్ధం చెప్పాడు. మిషను వరహాలరావుగారి మనుషులు అడిగితే ఇచ్చాననీ, ఏం చేశారో తనకు తెలియదనీ అన్నాడు. వరహాలరావు విజయనగరం వైపు నుంచి వచ్చిన బిల్డరు. వాగు గట్టున రిసార్టు కడతానని ఏడాదిగా ఈ ఊరి చుట్టూ తిరుగుతున్నాడు. గిరిజనుల భూమి కొనడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి కాగితాల మీద భూమి సోములమ్మదే, రిసార్టు ఆమె కొడుకు రవిదే. డబ్బూ పెత్తనమూ మాత్రం వరహాలరావువి.

"మిషను వాళ్లకిస్తే, బంక నీ చొక్కాకి ఎలా అంటింది?" అంది స్వర్ణ.



ఆ చొక్కాను ఆమే ఉతికింది. పాడేరులో సర్పంచులకు రెండు రోజుల ట్రైనింగుంటే వెళ్లి వచ్చేసరికి దండెం మీద కనిపించింది, ముంజేతుల దగ్గర అట్టలు కట్టిన మరకలతో. ఎవరో టూరిస్టులు అడిగితే పనస పిందెలు కోసిచ్చానన్నాడు. నమ్మింది. పనసబంక నీళ్లకు పోదని కిరసనాయిలు పోసి, అరచేతులు మండేదాకా రుద్దింది. తొమ్మిది చెట్లను చంపిన మరకను తన చేతులతో పోగొట్టి, ఆరేసి, మడతపెట్టి పెట్టెలో పెట్టింది.

"నేనే," అన్నాడు రవి చివరికి. గొంతు పెంచలేదు. "తొమ్మిదింటికీ నేనే. నువ్వు పాడేరెళ్లిన రోజు, అమ్మ డుంబ్రిగుడ సంతకెళ్లింది. ఒక్కో చెట్టుకి నాలుగు కన్నాలు. మందు ఆయనిచ్చాడు. కన్నాలు మట్టితో మూసీమన్నాడు, మూసీసినాను. ఇంకేటి కావాలి నీకు?"

ఆ తర్వాత అతనే చాలాసేపు మాట్లాడాడు. పద్నాలుగేళ్లుగా పరాయివాళ్ల జీపు నడుపుతున్నానన్నాడు. జలపాతం రోడ్డు పొడుగునా అందరూ గుడారాలు వేసుకున్నారు, గదులు కట్టుకున్నారు. మనం మాత్రం చెట్లకు కాపలా కాస్తూ కూర్చున్నామన్నాడు. రిసార్టు లేస్తే తను మేనేజరవుతాడట. రెండు కాటేజీలు తనవేనట. సర్పంచివి కాబట్టి నీ ఫొటో పేపర్లో పడుతుంది, సర్పంచి మొగుడికి ఏమొస్తుందని అడిగాడు.

స్వర్ణ వింటూనే ఉంది. ఆమె మనసు మాత్రం మరో చోట తిరుగుతోంది.

ఆరు నెలల కిందట గ్రామసభలో పెట్టిన తీర్మానాన్ని ఆమే సొంతంగా రాసింది. ఒక మనిషి రెండు చేతులా వాటేసుకుంటే వేళ్లు కలవనంత లావు చెట్టు ఎవరి భూమిలో ఉన్నా సరే, కట్టడం కోసం దాన్ని కొట్టకూడదు. కట్టేవాడు ప్లానులో ముందు చెట్లు చూపించాలి, ఆ తర్వాతే గోడలు. ఊరంతా చేతులెత్తింది. చివర్లో ఒక్క వాక్యం చేర్చమని ఆ రోజు భోజనాల దగ్గర రవి అడిగాడు. ఎండిపోయిన, పడిపోయిన చెట్లకు ఈ తీర్మానం వర్తించదని. అమ్మలాంటి ముసలోళ్లు కట్టెలేరుకోవద్దా అన్నాడు. ఎంత మంచి మనసని ఆమె మురిసిపోయింది. తన చేత్తోనే ఆ వాక్యం రాసింది.

"ఆ కట్టెల మాట నీదా, వరహాలరావుదా?" అని అడిగింది.

రవి ముఖం తిప్పుకున్నాడు. జవాబు అందులోనే ఉంది.

సోములమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. అక్కడి నుంచే ఆవిడ అంతా వింది. చేతిలో కొడుకు కోసం అంబలి పోసిన గిన్నె ఉంది. దాన్ని అతని ముందు పెట్టి, కోడలి వైపు తిరిగింది.

"తప్పే సేసినాడు. కాదన్ను. ఆ సెట్లు మా అయ్య నాటినవి. ఏడిస్తే నేనేడవాల. ఊరి ముందర పెట్టి ఇప్పుడేటి సేస్తావు కోడలా? సచ్చిన సెట్లు లేస్తాయా? ఇంటి సంగతి ఇంట్లోనే ఒగ్గేయ్."

అత్త ఇంత మెత్తగా మాట్లాడడం స్వర్ణకు కొత్త. ఆ మెత్తదనానికి ఆమె కూడా కాస్త మెత్తబడేదేమో. కానీ ఆ అంబలి గిన్నె చూడగానే వెనకటి ఆదివారం గుర్తొచ్చింది.

ఆ ఆదివారం గట్టు మీద పనస పిందెలు కుప్పలుగా రాలాయి. రాలిందని పారేస్తామా అంటూ సోములమ్మ గంపనిండా ఏరుకొచ్చింది. ఎండుచేపలు వేసి పొట్టు కూర వండింది. హాస్టలు నుంచి ఇంటికొచ్చిన కూతురు తేజకు నాయనమ్మ చేతి పొట్టు కూరంటే ప్రాణం. పిల్ల కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుకుంటుంటే రవి వచ్చి కంచం లాగేశాడు. అరకు వెళ్లి బిర్యానీ తిందాం పద అన్నాడు. పిల్ల ఏడ్చింది. ఏడుస్తున్న పిల్లను బండి ఎక్కించుకుని వెళ్లిపోయాడు. కూతురి మీద ఎంత మురిపెమో అని అత్తాకోడళ్లు నవ్వుకున్నారు. ఇద్దరే కూర్చుని కూరంతా తిన్నారు.

ఆ రాత్రి నుంచి ఇద్దరికీ వాంతులు పట్టుకున్నాయి. సోములమ్మ రెండు రోజులు లేవలేదు. ఎండుచేప పాతదై ఉంటుందనుకున్నారు. మందుల షాపు నుంచి బిళ్లలు తెచ్చిచ్చింది రవే. తల్లి నోటికి గ్లాసు అందించింది అతనే.

స్వర్ణ మొగుడి ముందుకొచ్చి నిలబడింది. 

"ఆదివారం కంచం ఎందుకు లాక్కున్నావు?" అంది.

రవి అప్పుడే అంబలి గిన్నె ఎత్తుతున్నాడు. చెయ్యి మధ్యలో ఆగింది.

"తేజ కంచం. పొట్టు కూర కలుపుకున్న కంచం. ఎందుకు లాక్కున్నావు?"

సోములమ్మకు ముందు అర్థం కాలేదు. కొడుకు ముఖంలోకీ కోడలి ముఖంలోకీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఆవిడ కళ్లు నెమ్మదిగా కొడుకు మీద నిలిచిపోయాయి.  

"తేజ గుంటకి పెట్టనివ్వలేదు నువ్వు," అంది సోములమ్మ. "మంచిదే. మరి నాకెందుకు సెప్పలేదురా?"

"చెప్తే ఎందుకని అడుగుతావు కదమ్మా," అన్నాడు రవి.

అంతే అన్నాడు. అది జవాబుగా సరిపోతుందన్నట్టు అంబలి గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. ఈ మనిషి పక్కన పన్నెండేళ్లు ఎలా పడుకున్నానా అనిపించింది స్వర్ణకు. కోపం కాదది. పాత మాంసం వాసన తగిలినప్పుడు మనిషి వెనక్కి జరుగుతాడే, అలాంటిది. అతని వేళ్లూ, అతని గోళ్లూ, అతను గిన్నె పట్టుకున్న తీరూ చూడలేకపోయింది.

సోములమ్మ వంగి కొడుకు ముందున్న గిన్నె తీసుకుంది. అంబలిని కుండలో తిరిగి పోసి మూత పెట్టింది. చేతులు కడుక్కుని, ఆరవేసిన చీర దులిపి కట్టుకుంది. గ్రామసభ పదింటికి కదా అంది కోడలితో. బేగి పద అంది.

*

గ్రామసభ జరిగే బడి దగ్గరికి వెళ్లే దారి వాగు గట్టు మీదుగానే పోతుంది. అత్తా కోడలూ ఒకరి వెనక ఒకరు నడిచారు. స్వర్ణ గోనెసంచిలో మిషను పట్టుకుంది. తన చంకలోని తీర్మానాల పుస్తకం కన్నా అది బరువుగా ఉంది.

గట్టు దగ్గర సోములమ్మ ఆగింది. మొదటి చెట్టు దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, మొదలంతా తడిమింది. ఒక చోట మట్టి గట్టిగా మెత్తి ఉంది. గోటితో గీకింది. లోపల కన్నం. ఆవిడ చిటికెన వేలు సగం దాకా పోయింది. వేలు బయటికి తీసి చూసుకుంది. నల్లటి జిగురు. వాసన చూడబోయి మానేసింది.

చెట్టుకు నాలుగు చొప్పున తొమ్మిది చెట్ల కన్నాలూ చూసింది. తొందరపడలేదు. స్వర్ణ దారి మీదే నిలబడింది. అత్త ఏడుస్తుందనుకుంది. ఆవిడ ఏడవలేదు. ఎండిన మిరియాల తీగ ఒకటి చేతికి తగిలితే లాగి పారేసింది.

దారిలో స్వర్ణ తను పెట్టబోయే కొత్త రూలు అత్తకు చెప్పింది. ఎండిన చెట్ల వాక్యం కొట్టేయాలి. లావు చెట్టు ఏ కారణంతో చచ్చినా సరే, అది నిలబడ్డ నేల మీద పదిహేనేళ్లు ఏ కట్టడమూ లేవకూడదు. ఆసామి అదే జాతి మొక్క నాటి, బతికించి చూపించాలి. చెట్టును చంపితే నేల ఖాళీ అవుతుందన్న ఆశే ఎవరికీ ఉండకూడదు. ఆ రూలు మొదట పడేది మన భూమి మీదే అత్తా అని కూడా చెప్పింది.

సోములమ్మ వింటూ నడిచింది.

*

బడి ముందు అప్పటికే జనం కూర్చున్నారు. ఊళ్లో దండోరా వేసే బారికి ఉదయమే ఊరంతా తిరిగి సభ ఉందని చాటాడు. వరండా స్తంభాలకు ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద పనసచెట్ల బొమ్మ, కిందికి వేలాడుతున్న పెద్ద పెద్ద కాయలు, పెద్ద అక్షరాలతో 'పనసవనం రిసార్ట్స్'. బొమ్మలోని చెట్లు ఇక్కడి చెట్లే. నిరుడు ఫొటో తీసుకున్నారు. చంపిన చెట్ల పేరే రిసార్టుకు పెట్టుకున్నాడు. స్వర్ణ ఆ ఫ్లెక్సీ కింద కూర్చోలేక బల్లను అవతలికి జరిపించింది.

వరహాలరావు ప్లాస్టిక్ కుర్చీలో ఒక పక్కగా కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, గంధపు వాసన. జనానికి మిక్చరు పొట్లాలూ టీ పంచిపెట్టించాడు. స్వర్ణను చూసి లేచి నమస్కారం పెట్టాడు. రవి వచ్చి అతని కుర్చీ వెనక నిలబడ్డాడు.

పంచాయతీ సెక్రటరీ భానుశ్రీ శ్రీకాకుళం అమ్మాయి. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. రిసార్టుకు అడ్డు చెప్పొద్దని పొద్దున్నుంచి పైనుంచి ఫోన్లు వస్తున్నాయని స్వర్ణ చెవిలో చెప్పింది. అయినా పుస్తకం తెరిచి తారీఖు వేసింది.

స్వర్ణ కొత్త రూలు చదివింది. ఊరి పెద్ద సోంబరు దాన్ని కువి భాషలో మళ్లీ చెప్పాడు. ఆయన సోములమ్మకు అన్న. చెప్పడం అయ్యాక జనంలో గుసగుసలు లేచాయి. ఇళ్లకూ వర్తిస్తుందా అని ఒకరడిగారు. ఉన్న ఇంటిని ఎవరూ ముట్టరని, కొత్తగా కట్టేవాళ్లకేనని స్వర్ణ చెప్పింది. గాలివానకు పడితే ఎలాగని ఇంకొకరడిగారు. గాలివానకు పడ్డదో మందుకు పడ్డదో వేర్లు చూస్తే తెలుస్తుందన్నాడు సోంబరు. ఆ మాటకు కొందరు వాగు గట్టు వైపు తిరిగి చూశారు.

వరహాలరావు చెయ్యెత్తాడు. మాట్లాడొచ్చా అని వినయంగా అడిగాడు.

"మంచి రూలు తల్లీ. నాకూ సెట్లంటే పేణం. ఆ తొమ్మిదికి బదులు అయిదొందలు నాటిస్తాను, రాసిస్తాను కావాలంటే. ఒక్కటే మాట. ఈ రూలు ఇవాళ పుట్టింది. ఆ సెట్లు నిన్ననే సచ్చిపోయాయి. రేపటి రూలు తెచ్చి నిన్నటి సెట్టుకి కడతామంటే ఎలాగమ్మా? ఏ కోర్టు ఒప్పుకుంటాది?"

నవ్వుతూ అన్నాడు. కొందరు తలలూపారు. మిక్చరు నములుతూ తలూపుతున్న ఆ ముఖాలు చూస్తే స్వర్ణకు ఒళ్లు జలదరించింది. నిరుడు ఆ చెట్ల కాయలు తిననివాళ్లు వీళ్లలో ఒక్కరూ లేరు.

భానుశ్రీ ఆమె వైపు వంగింది. ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదండి అంది మెల్లగా. పాత చెట్లకు కొత్త రూలు తగలాలంటే భూమి ఆసామి ఇష్టపడి ఒప్పుకోవాలి. సభలో నోటితో చెప్పి, వేలిముద్ర వేస్తే చాలు. ఆ పైన సర్పంచి సంతకం పడితే ఇంకెవరూ దాన్ని కదపలేరు.

స్వర్ణ తలెత్తేసరికి సోములమ్మ అప్పటికే లేచి నిలబడి ఉంది. భానుశ్రీ మాట ఆవిడకు వినబడిందో, దారిలోనే నిశ్చయించుకుందో తెలియదు. జనం మధ్య నుంచి నడిచి బల్ల ముందుకొచ్చింది.

"ఆ బూమి నాది. పదిహేనేళ్లు దాని మీద ఇటకైనా పెట్టకూడదని రాయండి. నేనొప్పుకున్నాను. ఏదీ, ముద్రెక్కడెయ్యాల?"

రవి కుర్చీ వెనక నుంచి ముందుకు రాబోయాడు. వరహాలరావు వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి ఆపాడు. అతని నవ్వు పోయింది. సోములమ్మ వేలిముద్ర వేసి, సిరా వేలిని పైటకు తుడుచుకుంది.

స్వర్ణకు గుండె తేలికైంది. మూడు వారాల్లో మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది. రిసార్టు ఆగింది. కానీ వరహాలరావుకు వాగు అవతలి గూడెంలో నేరేళ్ల మిట్ట మీద మరో ప్లాను ఉందని ఆమెకు తెలుసు. అతని చేతిలో ఇంకా మందు ఉంది. ఆమె గోనెసంచి విప్పి మిషను బల్ల మీద పెట్టింది.

ఈ చెట్లు వాటంతటవి చావలేదని చెప్పింది. ముప్పై ఆరు కన్నాలు ఉన్నాయి, అందరూ వెళ్లి చూడొచ్చంది. బిట్టుకున్న పొట్టు చూపించింది. సోంబరు దగ్గరికొచ్చి వాసన చూసి, ఉమ్మేశాడు.

భానుశ్రీ కలం పట్టుకుంది. ఎవరు చంపారో పేరు రాస్తేనే ఫిర్యాదు పైకి వెళుతుందని, మందు ఇచ్చినవాడి దాకా పోతుందని, పేరు లేకపోతే కారణం తెలియదని రాయాల్సి వస్తుందని చెప్పింది. ఎవరండీ అని అడిగింది.

స్వర్ణ నోరు తెరిచింది. పేరు నాలుక మీదే ఉంది. రెండే అక్షరాలు. ఊరంతా ఆమె నోటివైపే చూస్తోంది. ఆ పేరు పలకడమంటే నోట్లో ఏదో కుళ్లింది పెట్టుకోవడంలా అనిపించింది. ఆ ఒక్క క్షణం ఆలస్యమైంది.

"నేనే," అంది సోములమ్మ.



"నా సెట్లు, నేనే సంపుకున్నాను. రాయమ్మా."

సోంబరు చెల్లెలి వైపు చూసి, నీకు ఈ మిషను పట్టడం వచ్చునా అని అడిగాడు. నేర్సుకున్నాను అందావిడ. ఎక్కడ నేర్చుకున్నావని ఆయన మళ్లీ అడగలేదు. తల వంచుకుని వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

స్వర్ణ మొగుడి వైపు చూసింది. ఇప్పుడైనా ముందుకొస్తాడని, కాదమ్మా అంటాడని చూసింది. రవి అంతసేపూ బిగబట్టిన భుజాలు మెల్లగా కిందికి దిగాయి. ఊపిరి వదిలాడు. కూరలో మందుందని తెలిసీ ఏ తల్లిని తిననిచ్చాడో ఆ తల్లే వాడి తప్పు నెత్తిన వేసుకుంటే, వాడు హాయిగా ఊపిరి వదిలాడు. స్వర్ణ చూపు తిప్పుకుంది. ఇక ఆ ముఖం చూడనక్కర్లేదనిపించింది.

వరహాలరావు పెద్దగా నిట్టూర్చి, పాపం ముసలామె, తెలీక సేసుకుంది, కేసులూ గీసులూ ఎందుకమ్మా ఒగ్గేయండి అన్నాడు. అతని ముఖానికి రంగు తిరిగొచ్చింది.

భానుశ్రీ రాసి, పుస్తకం స్వర్ణ ముందుకు తోసింది. "సంతకం మేడం."

స్వర్ణ చదివింది. పైన పదిహేనేళ్ల రూలుకు అత్త ఒప్పుకోలు, దాని పక్కన వేలిముద్ర. కింద అత్త పేరు, చెట్లను చంపిన మనిషిగా.

"ఈ కింది పేరు తప్పు," అంది.

"అయితే సరైన పేరు చెప్పండి మేడం. మారుస్తాను."

సోములమ్మ బల్ల మీదికి వంగింది. సిరా మరక పోని చేతిని పుస్తకం మీద, ఆ రెండు రాతలూ కనపడకుండా పరిచింది. ముఖం కోడలి ముఖానికి దగ్గరగా పెట్టి, పక్కనున్న భానుశ్రీకి కూడా సరిగా వినబడనంత నెమ్మదిగా మాట్లాడింది.

"ఆడి పేరు రాస్తే పైది కూడా కొట్టీ. నా ముద్ర నేను ఎనక్కి తీసుకుంటాను. బూమైనా తీసుకో, ఆడినైనా తీసుకో. రెండూ నీకు దొరకవు కోడలా."

వాగు అవతల నుంచి గ్రామసభకు వచ్చిన ఆడవాళ్లు నలుగురు వెనక వరసలో లేచి నిలబడ్డారు. నేరేళ్ల మిట్ట వాళ్లదే. ఏం రాస్తున్నారో వినబడడం లేదని, గట్టిగా చదవమని అడిగారు.

సోములమ్మ చెయ్యి తియ్యలేదు. స్వర్ణ కలం మూత తీసింది.